చెవి వెనక కుట్లు

"ఏమైంది మేడం, గట్లున్నరు?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండేది. ఏమీ కాలేదు. ఇడ్లీ తిన్నాను, బీపీ మాత్ర వేసుకున్నాను, ఆటో కూడా వెంటనే దొరికింది. హాయిగా ఉన్నాను. ఆ సంగతి ఎదుటివాళ్ళకు తెలియజెప్పాల్సిన నా ముఖమే నాకు ఎదురు తిరిగింది. యాభై దాటాక పెదవుల చివరలు కిందికి వాలాయి. బుగ్గలు జారి దవడకు అటూ ఇటూ వేలాడడం మొదలుపెట్టాయి. మెడ మీద రెండు తాళ్ళు తేలాయి. లోపల నేను దొండకాయ వేయించాలా, కూర చెయ్యాలా అని ఆలోచిస్తుంటే పైన నా ముఖం ఎవరినో కడిగేస్తున్నట్టు ఉండేది.

మందుల షాపాయన నన్ను చూడగానే "చిల్లర ఇస్తున్నానమ్మా, కోప్పడకండి" అనేవాడు. నేను అప్పటికి నోరే తెరిచి ఉండను. రోజంతా అలా లేని కోపానికి సంజాయిషీ చెప్పీ చెప్పీ సాయంత్రానికి నిజంగానే కోపం వచ్చేది. ఇంటికెళ్ళి గిన్నెలు గట్టిగా పెడితే, "నేను పొద్దున్నే అన్నానా లేదా, నువ్వివాళ చిరాగ్గా ఉన్నావని?" అనేవారు మా ఆయన. ఆయన సైన్యంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అందుకే సైనిక్‌పురిలో ఇల్లు. గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా, తాను ముందే అన్నానని చెప్పడంలో ఉన్న ఆనందం మాత్రం ఆయనకు తగ్గలేదు.

ముఖం ఎలా ఉంటేనేం అని ఊరుకునేదాన్నే. కానీ నేను ఒకటో తరగతి టీచర్ని. మా ఇంటికి రెండు కిలోమీటర్లలో ఉన్న ప్రైవేటు స్కూల్లో ఇరవై ఆరేళ్ళు అదే తరగతి చెప్పాను. పెద్ద క్లాసులు ఇస్తామన్నా తీసుకోలేదు. ఆరేళ్ళ పిల్లలు మన మాట వినేలోపే ముఖం చదివేస్తారు. 'ఋ' రాయడం రాక పెన్సిల్ కింద పడేసిన పిల్ల ముందు తలెత్తి నా వైపు చూస్తుంది. అక్కడ ఫరవాలేదు అని కనబడితే వంగి పెన్సిల్ తీసుకుంటుంది. కనబడకపోతే ఏడుపు. నేను ఎంత ముద్దుగా పిలిచినా ఆ చివరి ఏడాది పిల్లలు ఎక్కువ ఏడ్చారు. అది నాకే తెలుస్తోంది.

ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచింది. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది, మర్యాదస్తురాలు, చెడు మాటను మెత్తటి గుడ్డలో చుట్టి ఇవ్వడం ఆమెకు బాగా వచ్చు. "మేడం, మీరు చాలా సీనియర్. మీ టీచింగ్ మీద ఒక్క కంప్లైంట్ లేదు. కానీ పేరెంట్స్ ఫీడ్‌బ్యాక్ వస్తోంది. పిల్లలు స్కేర్డ్‌గా ఫీలవుతున్నారంట" అని ఒక డ్రాయింగ్ కాగితం నా ముందుకు జరిపింది. ఎవరో బాబు 'మై టీచర్' అని వేశాడు. గుండ్రటి తల, చీర, చేతిలో చాక్‌పీసు. నోరు మాత్రం బోర్లించిన చంద్రవంక. దాని రెండు చివరల నుంచి గడ్డం దాకా రెండు గీతలు. పిల్లవాడు సరిగ్గానే వేశాడు. నా ఏడుపంతా అదే.

మర్నాటి నుంచి నాకు ఆఫీసులో బల్ల. టైమ్‌టేబుళ్ళు, టీసీలు, పోయిన టిఫిన్ డబ్బాలు. మా వరండాలో పిల్లల ముక్కులు తుడిచి, బాత్రూముకు తీసుకెళ్ళే ఆయమ్మ ఒక్కతే నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. మౌలాలి నుంచి వచ్చేది, స్కూలు పెట్టినప్పటి నుంచీ ఉంది. "మీరు గుస్స మనిషి కాదని నాకెర్క మేడం. గీళ్ళకు ఏం తెల్సు?" అంది. ఆవిడ ముఖమూ నా ముఖంలాగే వాలింది.

ఆ బల్ల దగ్గరే రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో ముందు నేను తెలివితక్కువ పనులన్నీ చేశాను. రోజంతా పెదవులు పైకి లాగిపెట్టుకుని తిరిగాను. దవడలు నొప్పి పుట్టాయి. "ఎందుకలా పళ్ళికిలిస్తూ తిరుగుతున్నావ్?" అన్నారు మా ఆయన. క్రీములు రాశాను. తర్వాత బజారులో ఉన్న ఒక చిన్న క్లినిక్‌కి వెళితే, బుగ్గల్లో ఇంజెక్షన్ వేసి నింపితే ముఖం పైకి లేస్తుందన్నారు. లేవలేదు. ఉబ్బింది. జారిన చోట జారినట్టే ఉంది, దాని పైన రెండు బూరెలు పెట్టినట్టయింది. మళ్ళీ అది కరగడానికి ఇంకో ఇంజెక్షన్. అద్దం ముందు నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను.

బేగంపేటలో ప్లాస్టిక్ సర్జరీ చేసే ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళేటప్పటికి నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఆమెకు కళ్ళ కింద నల్లగా సంచులున్నాయి, జుట్టుకు రంగు లేదు. అది చూశాక కొంచెం నమ్మకం కలిగింది. నేను బుగ్గలు వేళ్ళతో వెనక్కి లాగి చూపించి "ఇట్లా చేస్తే చాలు" అన్నాను. ఆమె నా చేతులు పట్టుకుని దించేసింది.

"టీచర్‌గారూ, మీ ఇంట్లో దూది పరుపు ఉండేదా? ఏళ్ళు గడిస్తే దూదంతా ఒక పక్కకి చేరుతుంది కదా. అప్పుడు దుప్పటి ఎంత బిగించి లాగినా పరుపు చదునవుతుందా?"

"కాదు. విప్పి దూది సర్దాలి."

"అంతే. మీరిప్పుడు చూపించింది దుప్పటి లాగడం."

తర్వాత తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పిన మనిషిని, బాగా చెబుతున్నారో లేదో నాకు వెంటనే తెలుస్తుంది. ఆమె బాగా చెప్పింది. పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద ముఖం కండరాలతో కలిసిపోయిన పల్చటి గట్టి పొర. అక్కడక్కడ ఎముక నుంచి చర్మం దాకా కట్టేసిన కట్లు. వయసుతో ఆ పొరా కొవ్వూ కలిసే జారతాయి. కట్టు ఉన్నచోట ఆగుతాయి, కట్టుకూ కట్టుకూ మధ్య వేలాడతాయి. "అందుకే మీకూ, నాకూ, మా అమ్మకూ అదే చోట సంచి. చర్మం ఒక్కటే లాగి కుడితే ఎదురుగాలిలో నిలబడ్డ ముఖంలా ఉంటుంది. కొన్నాళ్ళకు మళ్ళీ జారుతుంది. నేను ఆ కట్లు విప్పి, కింది పొరను ఉన్నదున్నట్టుగా దాని పాత చోటికి ఎక్కిస్తాను. చర్మాన్ని దాని మీద ఊరికే పరుస్తాను. మిగిలింది తీసేస్తాను, లాగను."

"ప్రమాదం?"

"ఉంది. నవ్వించే నరం కొమ్మలు ఆ పొర కిందే వెళతాయి. వాటికి దెబ్బ తగిలితే ఒక పక్క కొన్నాళ్ళు బలహీనంగా ఉండొచ్చు. అరుదుగా అలాగే ఉండిపోవచ్చు. రక్తం గడ్డ కట్టొచ్చు. మీ బీపీ అదుపులో ఉంటే తప్ప చెయ్యను. ఇంకోమాట, మిమ్మల్ని పడుచుదాన్ని చెయ్యను. కళ్ళ పక్కన గీతలు అట్లాగే ఉంటాయి. ముక్కు పక్క మడత తగ్గుతుంది గాని పోదు."

నాకు నలభై ఏళ్ళున్నప్పటి ఫొటోలు తెమ్మంది. పెళ్ళిళ్ళలో ముస్తాబై దిగినవి కాదు, పనిలో ఉండగా ఎవరైనా తీసినవి. స్కూలు వార్షికోత్సవాల ఫొటోలు పట్టుకెళ్ళాను. పిల్లల తలపాగాలు సర్దుతూ, మైకు పట్టుకుని, ఎవరినో పిలుస్తూ. ఆమె వాటిని చాలాసేపు చూసింది. "ఇదే మీకిస్తాను. ఇంకొకరి ముఖం ఇవ్వను. అయిపోయాక ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. నలుగురూ కనిపెట్టాలని మీకుంటే వేరే డాక్టర్ని చూసుకోండి" అంది. ఆ మాటకు నేను మురిసిపోయాను. అదే నా పీకకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియలేదు.

ఇంట్లో చెప్తే మా ఆయన పేపరు కింద పెట్టారు. "ఈ వయసులో ఇదేం సరదానే?"

"సరదా కాదండీ. నా క్లాసు నాకు కావాలి."

"మనిషన్నాక ముసలివాళ్ళవ్వరా?"

"అవుతాను. కోపంగా లేనప్పుడు కోపంగా కనబడకుండా అవుతాను."

నిజం చెప్పాలంటే నాకు అందంగా ఉండాలన్న కోరిక బొత్తిగా లేదని కాదు. కానీ దానికోసం కత్తి కిందికి వెళ్ళేంత ధైర్యం లేదు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళు టిఫిన్ డబ్బాలు లెక్కపెడుతూ గడపడం నా వల్ల కాదు. ఆయన నా మొండితనం చూసి లొంగారు గానీ ఒక షరతు పెట్టారు. కాలనీలో ఎవరికీ తెలియకూడదు. పొద్దున్నే తనతో నడిచే రిటైర్డు ఆఫీసర్ల ముందు తల ఎత్తుకోలేనన్నారు. "దసరా సెలవులకు తోడు రెండు వారాలు సెలవు పెట్టు. తిరుపతి, కంచి, రామేశ్వరం వెళ్ళావని చెప్దాం." నేను సరేనన్నాను. ఆ నిమిషంలో నాకు ఆపరేషన్ తప్ప ఇంకేదీ కనబడలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టే ముఖం మీద పెన్నుతో గుర్తులు పెట్టింది. పడుకుంటే ముఖం వెనక్కి వాలి వయసు దాక్కుంటుందట. నవ్వమంది, బుగ్గలు పూరించమంది, కళ్ళు గట్టిగా మూయమంది. తర్వాత "ఒకటో తరగతి పాఠం చెప్పండి, మీ ముఖం పనిలో ఎట్లా కదులుతుందో చూడాలి" అంది. ఆస్పత్రి గౌనులో, ముఖం నిండా ఊదారంగు గీతలతో, డాక్టరుకూ ఇద్దరు నర్సులకూ నేను అ, ఆ, ఇ, ఈ చెప్పాను. ఒక నర్సు పైకే పలికింది. రెండేళ్ళ తర్వాత పాఠం చెప్పడం అదే.

తర్వాతి వారం గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. తల చుట్టూ కట్టు, చెవి వెనక నుంచి సన్నటి గొట్టాలు, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చున్నట్టే నిద్ర. నమలడానికి లేదు, మజ్జిగన్నం జారవిడుచుకోవడమే. ఐదో రోజు అద్దం చూసుకుని బావురుమన్నాను. ముఖం వాచి, మెడ దాకా పసుపూ పచ్చా కమిలిపోయి ఉంది. చెవులు మొద్దుబారి, దుద్దులు ఉన్నాయో లేవో చేత్తో తడుముకుంటే గాని తెలిసేది కాదు. మా ఆయన ఏమీ అనలేదు. ముందే అన్నానని కూడా అనలేదు. దానికి నాకు ఇంకా భయమేసింది.

వాపు తగ్గాక ఒకరోజు వక్కపొడి డబ్బా కోసం వంగి లేస్తూ అల్మారా అద్దంలో నన్ను చూశాను. పడుచుపిల్ల ఎవరూ లేదు. వార్షికోత్సవం ఫొటోలో పిల్లవాడి తలపాగా సర్దుతున్న ఆవిడ ఉంది, జుట్టు కాస్త నెరిసి. పెదవుల చివరలు ఉండాల్సిన చోట ఉన్నాయి. డాక్టరమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఎంత చిరాకో నాకే తెలుసు.

స్కూలుకు వెళ్ళే ముందు రోజు మా ఆయనకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. "ప్రసాదం ఏదే?" తిరుపతి వెళ్ళొచ్చి లడ్డూ పంచని మనిషి ఉంటుందా? మాకు ఆ ఆలోచనే రాలేదు. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. చివరికి ఆయన మిఠాయి షాపు నుంచి బూందీ లడ్లు తెచ్చి, వాటిని చిదిపి, జీడిపప్పు, కలకండ, యాలకులు, పచ్చకర్పూరం కలిపి, నెయ్యి పోసి మళ్ళీ ఉండలు చుట్టారు. మా పెళ్ళయ్యాక ఆయన వంటింట్లో చేసిన మొదటి పని అది. వాసన సరిగ్గా కుదిరింది. "కళ్ళు పోతాయండీ" అన్నాను. "మనసులో దణ్ణం పెట్టుకో, ఏం కాదు" అన్నారు.

స్టాఫ్ రూములో అందరూ ఆ ముక్కల్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. ఆయమ్మ తన ముక్క తినకుండా కాగితంలో చుట్టుకుంది. "ఇంట్ల అందరికి జెర జెర పెడ్త మేడం."

ఇక మొదలైంది. "మేడం, దర్శనం బాగా జరిగినట్టుంది, ముఖంలో ఏం కళ!" "ఎంత ప్రశాంతంగా ఉన్నారో!" ప్రిన్సిపాల్ అయితే లేచి నిలబడి, "యూ లుక్ సో పీస్‌ఫుల్ మేడం. దేవుడి దగ్గరకెళితే స్ట్రెస్ అంతా పోతుంది కదా" అంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, చెవి ముందు పౌడరు కింద దాచిన గులాబీ గీత వైపు చూడలేదు. కుట్లు వేయించుకున్నది నేను, నిద్రలేకుండా కూర్చున్నది నేను, మెప్పంతా వెంకటేశ్వరస్వామికి. కోపం పట్టలేక డాక్టరమ్మకు ఫోన్ చేసి చెబితే ఆమె పగలబడి నవ్వింది. "టీచర్‌గారూ, నాకింతకంటే మంచి సర్టిఫికెట్ లేదు" అంది.

పది రోజులకు ప్రిన్సిపాల్ మళ్ళీ పిలిచింది. ఒకటో తరగతి చెబుతున్న అమ్మాయి కాన్పుకు వెళుతోంది. "జనవరి నుంచి మీరే తీసుకోండి మేడం. ఇప్పుడు మీలో ఆ పాజిటివ్ ఎనర్జీ కనిపిస్తోంది. పేరెంట్స్‌కి కూడా చెప్తాను, మేడం యాత్ర చేసొచ్చారని." నేను థాంక్యూ అన్నాను. గది బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అసలు సంగతి తెలిస్తే? ఈ వయసులో ముఖం కోయించుకున్న మనిషి చేతికి పిల్లల్ని ఇస్తారా? అమ్మలందరూ వాట్సాప్‌లో ఏమనుకుంటారు? జనవరి దాకా నోరు మెదపకూడదని నిర్ణయించుకున్నాను.

ఆ సాయంత్రమే ఆయమ్మ నా బల్ల దగ్గరకొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"మేడం, నన్ను సుత తీసేస్తున్రు. కొత్త అడ్మిషన్లు షురూ అయితయంట. తల్లిదండ్రులు జూడనీకి వస్తే కింద మంచిగ నవ్వు మొకం ఉన్నోళ్ళు ఉండాలెనంట. నన్ను పై అంతస్తుల బాత్రూములు కడుగుమంటున్రు. పిల్లలు లేకుంట నేనెట్లుంట మేడం?"

ఆవిడ నా ముఖంలోకి పరీక్షగా చూసింది. ఇన్నాళ్ళలో అంత దగ్గరగా చూసింది ఆవిడే.

"మీ మొకం ఎంత సాఫ్ అయ్యింది మేడం. ఏం మొక్కిన్రు? జెర నాకు సుత చెప్పుండ్రి."

"ఏమీ లేదమ్మా. దణ్ణం పెట్టుకున్నానంతే."

"జుట్టు ఇచ్చిన్రా?"

"లేదు."

"నేనైతే ఇస్త. గట్లనన్న ఆయన దయ జూస్తడేమో."

అప్పుడు చెప్పాల్సింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. చెవి వెనక జుట్టు తీసి చూపిస్తే ఒక్క నిమిషం పని. వద్దమ్మా, వెళ్ళినా ముఖం మారదు, నాది మారింది బేగంపేటలో అని చెబితే అయిపోయేది. కానీ ఆయమ్మ నోట్లో మాట దాగదని, సాయంత్రానికల్లా వాచ్‌మన్ దాకా పాకుతుందని భయపడ్డాను. నా క్లాసు నా చేతికి ఇంకా రాలేదు. "చలిగా ఉంటుంది, శాలువా తీసుకెళ్ళు" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

డిసెంబరులో ఆవిడ ఐదు రోజులు రాలేదు. ఆరో రోజు తలకు కొంగు చుట్టుకుని వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, నూనె దిగిన కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. పెద్ద లడ్డూ, సగం విరిచింది. వాసన తగలగానే నాకు తల తిరిగింది. మేం చుట్టిన ఉండలు దీని కాలిగోటికి చాలవు.

"మెట్లెక్కి పోయిన మేడం. మోకాళ్ళు పనిజెయ్యలె, కూసుంట కూసుంట ఎక్కిన. జుట్టిచ్చిన. మంచిగ దర్శనమైంది, కండ్ల నిండ జూసిన." కాస్త ఆగి, నవ్వబోయి నవ్వలేక, "మొకమైతే గదే మొకం ఉంది. నేనేం పాపం జేసిన్నో మేడం" అంది.

అప్పుడూ నేను చెప్పలేదు. లడ్డూ కళ్ళకద్దుకున్నాను.

జనవరిలో నా క్లాసు నాకు వచ్చింది. ముప్ఫై నలుగురు పిల్లలు. మొదటి రోజే ఒక పిల్ల 'ఋ' దగ్గర ఆగి నా వైపు చూసి, మళ్ళీ పెన్సిల్ పట్టుకుంది. నేను కోరుకున్నది అదే, అదే వచ్చింది, అయినా సంతోషం గొంతు దిగలేదు. ఆయమ్మ అప్పటికే పై అంతస్తుకు వెళ్ళిపోయింది. పిల్లలు మధ్యాహ్నం ఆయమ్మేది, ఆయమ్మేది అని అడిగేవారు.

ఆ నెల రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్. పనికి మనుషులు చాలక ఆయమ్మను కింద నీళ్ళివ్వడానికి పిలిచారు. ప్రిన్సిపాల్ ఆవిడ గుండు మీది కొంగు చూసి, "నువ్వు లోపలికి రాకు, డోర్ వెనకాల ఉండు, గ్లాసులు అక్కడి నుంచి అందివ్వు" అంది. నేను విన్నాను. ఒక బాబు తల్లి నా చేయి పట్టుకుని, "మేడం, మీరు టూ ఇయర్స్ బ్యాక్ మా పెద్దోడికి చెప్పారు. ఇప్పుడు మిమ్మల్ని చూస్తే నమ్మలేకపోతున్నాం. తిరుపతిలో ఏం సేవ చేయించారు?" అని అడిగింది. ప్రిన్సిపాల్ మురిసిపోతూ, "అంతా ఆయన గ్రేస్" అంది. తలుపు సందులోంచి గ్లాసు పట్టుకున్న చేయి కనబడుతోంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సేవా లేదు, ఏమీ లేదు. నేను తిరుపతి వెళ్ళలేదు. ఆపరేషన్ చేయించుకున్నాను" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. చెవి మీది జుట్టు పక్కకు తీసి కుట్ల గీత చూపించాను. "దర్శనం అబద్ధం. ప్రసాదం కూడా అబద్ధమే, మా ఇంట్లో చుట్టాం. ఇష్టం లేకపోతే మీ పిల్లల్ని వేరే సెక్షన్‌కి మార్చుకోండి."

ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. అయిపోయింది, మళ్ళీ టిఫిన్ డబ్బాలే అనుకున్నాను. అయినా ఎక్కడో తేలికైంది. అప్పుడు వెనక వరసలో ఒకామె లేచి, "మేడం, ఏ డాక్టరు?" అంది. ఇంకొకామె ఫోన్ తీసింది. "ఎన్ని రోజులు రెస్టు తీసుకోవాలి?" "అస్సలు తెలీట్లేదు మేడం, సో న్యాచురల్!" నా చుట్టూ పదిమంది మూగారు. ఒకావిడ నా చెవి వెనక వేలు పెట్టి చూసింది. దేనికి భయపడి రెండు నెలలు నోరు కుట్టుకున్నానో అది అసలు లేనే లేదు. ప్రిన్సిపాల్ కూడా తేరుకుని, "వెరీ బ్రేవ్ మేడం" అని భుజం తట్టింది. ఆయమ్మను మళ్ళీ కిందికి పంపమని అక్కడే అడిగాను. "అది వేరే విషయం మేడం, తర్వాత మాట్లాడదాం" అంది. తర్వాత చాలాసార్లు అడిగాను. ఆ మాటే.

జనంలోంచి తప్పించుకుని తలుపు దగ్గరకు వెళ్ళేసరికి అక్కడ ట్రే ఒక్కటే ఉంది.

సోమవారం పొద్దున్నే, బెల్లుకు ముందు, పై అంతస్తుకు వెళ్ళాను. ఆయమ్మ బాత్రూము నేల మీద ఫినాయిల్ పోసి చీపురుతో రుద్దుతోంది. నేను గుమ్మంలోనే నిలబడి, తప్పయిపోయిందమ్మా, భయపడి చెప్పలేదు అన్నాను. ఆవిడ చీపురు గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని దగ్గరకొచ్చింది. అడగకుండానే నా జుట్టు పక్కకు తీసి కుట్ల మీద వేలితో పైనుంచి కిందిదాకా తడిమింది. అక్కడ నాకింకా స్పర్శ సరిగ్గా రాలేదు.

"మస్తు తక్లీఫ్ అయ్యిందా మేడం?"

"అయింది."

"గా ఆపరేషన్ నాకు కాకున్నా మంచిదే. గంత పైస నాకేడిది." మళ్ళీ చీపురు అందుకుంది. అటు తిరిగి రుద్దుతూనే అంది. "ఒక్క మాట చెప్తే నా జుట్టన్న మిగులుతుండె గద, మేడం."

కింద బెల్ కొట్టారు. "పోండ్రి, పిల్లలు ఒచ్చిన్రు" అంది. ఉంటాను, నేనూ ఒక చీపురు పట్టుకుంటాను అనాలనిపించింది. వెళ్ళాను.